పక్కకు తిప్పిన మిషను

టైలరు ఇంట్లో పొద్దస్తమానం పోట్లాటేనని వీధిలో అందరూ అనుకునేవారు. నిజానికి ఆ ఇంట్లో ఎవరూ పోట్లాడుకోవడం లేదు. టీ తాగుతారా అని టైలరు భార్య మొగుణ్ణి అడిగేది, అంతే. మొదటిసారి మామూలుగా అడిగేది. రెండోసారి గొంతు పెంచేది. మూడోసారికి ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసుకునేవాళ్లు కూడా ఇటు తిరిగి చూసేవారు. అప్పుడాయన మిషను ఆపి, "ఎందుకే అలా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?" అనేవాడు. చెవుడే. కాకపోతే ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

ఇలా ఏళ్ల తరబడి అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది. మొదట బొంగురుపోయింది, తర్వాత మాటకు బదులు గాలి వచ్చేది, ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఆ గాలి కూడా లేదు. డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. లోపలంతా వాచిపోయిందనీ, నెల రోజులు గొంతు వాడకూడదనీ, గుసగుసలు కూడా పనికిరావనీ, మళ్లీ ఇలాగే అరిస్తే ఈసారి పోయిన గొంతు తిరిగి రాదనీ చెప్పి పంపాడు.

దాంతో కూతురు వారం రోజులు సెలవు పెట్టి వచ్చింది. కూతురు పని బస్టాండులో మైకు దగ్గర. ఏ బస్సు ఎటు నిలబడిందో ఆమె ఒక్క కేక వేసిందంటే జనం సంచులూ పిల్లల్నీ చంకన వేసుకుని అటు పరిగెడతారు. అక్కడివాళ్లు ఆమెను మైకమ్మ అంటారు. ఆ పేరు ఎలాగో ఇంటిదాకా వచ్చి ఇక్కడ కూడా అదే స్థిరపడిపోయింది. పుట్టింట్లో అడుగు పెట్టగానే చేతిసంచి కుర్చీలో పడేసి, ఇకనుంచి నీ నోరు నేనేనని తల్లికి అభయమిచ్చింది. తల్లి నవ్వింది. ఆ నవ్వులో కూడా శబ్దం లేదు.

ఆ ఇంటి ముందుగదే దుకాణం. వీధి వైపు కిటికీ, కిటికీకి ఎదురుగా తొక్కుడు మిషను, దాని ముందు టైలరు. సూది మీద వెలుతురు పడాలంటే అలాగే కూర్చోవాలి. కాబట్టి లోపలికి ఎవరొచ్చినా, ఇంట్లోంచి ఎవరు పిలిచినా వాళ్లకు కనిపించేది ఆయన వీపే. చెవులు బాగున్న రోజుల్లో ఆయన ఆ వీపుతోనే లోకంతో మాట్లాడాడు. కాలు పెడలు మీద ఆడుతూనే ఉండేది, తల వంచే ఉండేది, "చెప్పండి, వింటున్నా" అనేవాడు. నిజంగానే వినేవాడు. ఎవరి నడుం ఎంత పెరిగిందో, ఎవరికి లోపలి జేబు కావాలో ఒకసారి చెవిన పడితే చాలు, మళ్లీ అడిగేవాడు కాదు. మాట మధ్యలో తలెత్తితే కుట్టు వంకరపోతుందని ఆయన నమ్మకం. పెళ్లాం మాట కూడా అలాగే విన్నాడు, ఇన్నేళ్లూ.

చెవి మిషను ఒకటి కొన్నారు. అది గుండీల డబ్బాలో ఉంది. అది పెట్టుకుంటే కుట్టుమిషను చెవిలో దూరి నడుస్తున్నట్టుందని ఆయన ఫిర్యాదు. సాకులు చెబుతున్నాడనుకుని మైకమ్మ దాన్ని తన చెవికి పెట్టుకుని, తండ్రిని కాసేపు తొక్కమంది. పెడలు టకటకా, బాబిన్ గరగరా, వీధిలో స్కూటరు అన్నీ కట్టకట్టుకుని మీద పడ్డాయి. గబుక్కున తీసి మళ్లీ గుండీల్లో పెట్టేసింది. ఇక ఆ విషయం ఎత్తలేదు.

నోరు అరువివ్వడం అనుకున్నంత తేలిక కాదని ఆమెకు మధ్యాహ్నానికల్లా తెలిసొచ్చింది. తల్లి గడప దగ్గర నిలబడి బొటనవేలు నోటి దగ్గర పెట్టి, కళ్లెగరేసింది. మైకమ్మ తండ్రి చెవి దగ్గరకు వంగి, టీ తాగుతావా అనీ, పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఇలా కూర్చుంటే నీ వయసుకి ఇది మంచిదేనా అనీ, అసలు చెప్పిన మాట ఎప్పుడైనా విన్నావా అనీ గట్టిగా అరిచింది. ఆయన పెడలు ఆపాడు.

"ఇందులో మీ అమ్మ అడిగిందెంత, నువ్వు కలిపిందెంత?"

తల్లి గడపకు చెయ్యి ఆనించి, భుజాలు కదిలేలా నవ్వింది. మైకమ్మకు రోషం వచ్చింది గానీ, బాగా ఆలోచిస్తే ఆయన అడిగిందాంట్లో తప్పు కనిపించలేదు.

తర్వాత పలక కొనుక్కొచ్చింది. దానికి వేరే చిక్కు. కుట్టు కళ్లజోడుతో పలక మీది అక్షరాలు అలుక్కుపోయేవి. ఆ జోడు తీసి, ఇంకో జోడు వెతుక్కుని, మిషను ఆపి, ఇటు తిరిగి చదివేసరికి తల్లి రాసిన సంగతికి వేళ మించిపోయేది. ఈ వయసులో నన్ను బడికి పంపుతున్నారా అని ఆయన విసుక్కున్నాడు. పోనీ భుజం తడదామంటే, వెనకనుంచి చెయ్యి పడగానే ఉలిక్కిపడేవాడు. ఎప్పుడో ఒకసారి అలా ఉలిక్కిపడినప్పుడే సూది చూపుడువేలి గోట్లోంచి దిగింది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఆ రోజునుంచి భార్య ఆయన్ని పని మీద ఉండగా తాకడం మానేసింది.

*

మైకమ్మ దిగిన మర్నాడు ప్లీడరు వచ్చాడు. ఆయన నల్లకోట్లన్నీ ఇక్కడ కుట్టినవే. కొత్తకోటు దారంతో పైపైన అతికించి ట్రయలుకు సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన గోడకు నిలువుటద్దం ఉంటుంది. దాని ముందు నిలబెట్టి కోటు తొడిగి, టైలరు నోట్లో గుండుసూదులు పట్టుకుని వెనక అంచు దగ్గర కూర్చున్నాడు.

ప్లీడరు మెడ అటూ ఇటూ తిప్పి, కాలరు మెడకు ఆనుకోవడం లేదన్నాడు. టైలరు అంచు మడుస్తూనే ఉన్నాడు. ప్లీడరు గొంతు పెంచి మళ్లీ అన్నాడు. కోర్టులో వాదించిన గొంతు, చిన్నదేం కాదు. అయినా టైలరు ఇంకో సూది తీసి గుచ్చాడు. ప్లీడరు నిట్టూర్చి, మైకమ్మ వైపు తిరిగాడు. మనిషి చెడ్డవాడు కాదు, మెత్తగానే మాట్లాడాడు.

"పెద్దాయన్ని ఇంక కూర్చోబెట్టకూడదామ్మా? ఎందుకీ అవస్థ? కోటు సంగతి నేను ఇంకెక్కడన్నా చూసుకుంటాలే. ఆయనకి నువ్వే నెమ్మదిగా చెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు టైలరు రెండు చేతులూ ఇంకా ఆ కోటు మీదే ఉన్నాయి. ఎదుట మనిషి ఉండగానే, లేనట్టు మాట్లాడుకోవడం అంటే అదే. మైకమ్మకు అది తెలుస్తూనే ఉంది. తెలుస్తూనే, "మేమూ అదే అనుకుంటున్నామండీ" అంది. అనుకున్నమాట నిజమే. తల్లికి ఈ గతి పట్టాక, దుకాణం మూస్తేగానీ ఇంట్లో అరుపులు తగ్గవని తనే అందరికంటే ముందు అనుకుంది. గడప దగ్గర తల్లి ఆ మాట విన్నది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

టైలరుకు ఒక్క ముక్క వినపడలేదు. కానీ ఆయన లేచి నిలబడ్డాడు, ఎదురుగా అద్దం ఉంది. అందులో మెడకు ఆనని కాలరు, ప్లీడరు జాలిమొహం, కూతురు తల ఊపడం, వెనక భార్య చెయ్యి, అన్నీ ఉన్నాయి. ఆయన నోట్లో మిగిలిన సూదుల్ని ఒక్కొక్కటే తీసి చిన్న గుడ్డదిండుకు గుచ్చాడు. కాలరే కదా, విప్పి మళ్లీ వేస్తాను, ఎల్లుండి రండి అని అద్దంలోని ప్లీడరుతో చెప్పాడు. ప్లీడరు సరేనని కోటు విప్పి ఇచ్చాడు.

ఆయన వెళ్లాక ఇంకా బోలెడు వెలుతురు ఉండగానే టైలరు మిషను మీద గుడ్డ కప్పేశాడు.

"ఈ కోటు ఇచ్చేసి ఆపేస్తాను. మీరంతా అనుకున్నారుగా."

కోపంగా అని ఉంటే మైకమ్మ సర్దిచెప్పేది. ఆయన మామూలుగా అన్నాడు. తను కోరుకున్నదే అయినా, ఆయన నోట వినేసరికి ఆమెకు దుఃఖం వచ్చింది. ఆ సాయంత్రం తల్లీ తండ్రీ మధ్యగదిలో చెరో కుర్చీలో కూర్చున్నారు. ఒకరికి చెవి లేదు, ఒకరికి గొంతు లేదు. మిషను కూడా లేకపోతే వీళ్లిద్దరూ ఇక బతికినన్నాళ్లూ ఇలాగే కూర్చుంటారు కాబోలనుకుని ఆమె భయపడింది. చుట్టపుచూపుగా వచ్చిన తను ఎన్నాళ్లని మధ్యలో నిలబడి అరుస్తుంది?

*

తెల్లవారి మైకమ్మ మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి వెనకవైపు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతోంది.

గొంతుతో కాదు. పెదాలు బారుగా సాగుతున్నాయి, గుండ్రంగా ముడుచుకుంటున్నాయి, పళ్లు కనిపిస్తున్నాయి, కనుబొమ్మలు ఎగిరి దిగుతున్నాయి. మధ్యమధ్య ఒక చెయ్యి లేస్తోంది. లేని మీసం మెలేసింది. మణికట్టు మీద రెండు వేళ్లు వేసింది. అరచేత్తో గాలిని అడ్డంగా కోసింది. వెనక సందుకు అవతల మేడ మీద కిటికీలో ఇంకో ముసలావిడ అంతే జోరుగా జవాబిస్తోంది. ఇద్దరి మధ్యా చిన్న శబ్దమైనా లేదు. చూస్తూండగానే ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. తల్లి కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకుంది. తల్లి ఇంత వాగుడుకాయ అని మైకమ్మకు పుట్టి బుద్ధెరిగాక తెలిసింది ఇప్పుడే.

అవతలి ఆవిడ పొడుగక్క. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక కూడా చాలాకాలం తల్లి బట్టలమిల్లులో నేతపనికి వెళ్లేది. అక్కడ పక్క మగ్గం పొడుగక్కది. మిల్లు మూతపడ్డాక కూడా కిటికీలు మాత్రం మూతపడలేదన్నమాట. మైకమ్మ నోరు తెరుచుకుని చూస్తుండడం గమనించి పొడుగక్క అక్కడినుంచే ఏదో అంది. ఈమెకు అర్థం కాలేదని గ్రహించి, ఓపిక చేసుకుని మెట్లు దిగి సందు దాటి వచ్చింది.

"మగ్గాల షెడ్డులో చెవులెందుకు పనికొస్తాయే పిచ్చిదానా. లోపల అడుగుపెడితే అందరం చెవిటివాళ్లమే. నోరు చూసి వినడమే. మీ అమ్మ ఆ చివర ఉన్నా దాని మాట నాకు స్పష్టంగా వినపడేది. దానంత చక్కగా మాట్లాడేవాళ్లు షెడ్డు మొత్తంలో లేరు."

మరి నాన్నతో ఇలాగే మాట్లాడొచ్చు కదా అని మైకమ్మ అడిగింది. ఎవరికైనా తట్టే ప్రశ్నే. తల్లి చూపు పక్కకు తిప్పుకుంది. పొడుగక్క చెప్పబోతే చెయ్యి గిల్లింది. పొడుగక్క ఆ చేతిని తోసేసి చెప్పింది. పెళ్లయిన కొత్తల్లో ఈవిడ వీధి గుమ్మంలో నిలబడి పొడుగక్కతో ఇలాగే కబుర్లాడుతుంటే, లోపల కొలతలిస్తున్న పెద్దమనిషి ఒకాయన తనను చూసి మూతి తిప్పుతోందనుకుని మండిపడి గుడ్డ వెనక్కి తీసుకుపోయాడు. ఇది ఇల్లు, మిల్లు కాదు, ఈ మూతులు తిప్పడాలు ఇక్కడ పనికిరావని మొగుడు గట్టిగా చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. ఈవిడ మళ్లీ ఆయన ఎదుట ఆ పెదాల మాట మాట్లాడలేదు. వంటింటి కిటికీ దగ్గర మాట్లాడుకుంది.

మైకమ్మకు ఒళ్లు మండిపోయింది. గొంతు చించుకుని ఆస్పత్రి పాలైంది గానీ, నోటిలో ఇంత విద్య పెట్టుకుని వాడుకోలేదంటే ఏమనాలి? ఇప్పుడే వెళ్లి ఆయన చెవిలో అన్నీ అరిచి చెప్తానని బయల్దేరింది. తల్లి మణికట్టు పట్టుకుని ఆపింది. వద్దన్నట్టు తలూపి, ముందుగది వైపు చూపించి, తల వంచి కుడుతున్నట్టు నటించింది. అరచేతులు రెండూ చాపింది. పొడుగక్క ఆ సైగను మాటల్లో పెట్టింది.

"ఆయన తలెత్తితే కదా అంటోంది. మొహం చూడని మనిషికి ఏం చెబుతుంది?"

*

తండ్రి కోటు కాలరు విప్పుతున్నాడు. బ్లేడు మొనతో కుట్టు కింద దూర్చి ఒక్కొక్క పోగూ తెంపుతూ, తెగిన దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు. చివరి పని కాబట్టి తొందర లేదు. మైకమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఏమీ అరవలేదు. వచ్చినప్పటినుంచీ ఆయన దగ్గర ఆమె నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు, తలెత్తకుండా.

"మీ అమ్మ నన్ను చూసి నవ్వుతోందా?"

మైకమ్మకు ముందు అర్థం కాలేదు. ఆయన గడ్డంతో అద్దం చూపించాడు. ఆయన కూర్చునేచోటునుంచి చూస్తే అద్దంలో మధ్యగది, దాని వెనక వంటింటి గుమ్మం, ఆ చివర కిటికీ వరసగా కనపడతాయి. కిటికీ దగ్గర భార్య వీపు, ఊగే చేతులు కనపడతాయి. దారం ఎక్కించుకోవడానికి తలెత్తినప్పుడల్లా ఆయన అది చూస్తూనే ఉన్నాడు.

"రోజూ గంటలకొద్దీ. ఆవిడతో అంత నవ్వు. నా దగ్గరకొస్తే టీ తాగుతారా, అన్నానికి లేస్తారా, అంతే. చెవిటిమొగుడి కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటున్నారేమోలే."

చెప్పేసి మళ్లీ బ్లేడు కదిపాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈ మాట చాలారోజులుగా కడుపులో పెట్టుకున్నాడని మైకమ్మకు అర్థమైంది. కాలరు కుదరకపోవడం, ప్లీడరు మాట, ఇవన్నీ పైపైవి. దుకాణం ఎందుకు మూసేస్తానంటున్నాడో కూడా అప్పుడు తెలిసింది. ఆ అద్దం ముందు ఇంక కూర్చోలేక.

అలా కాదని ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది. అంతకుమించి ఒక్క మాట కూడా కలపలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, ఆయన అడిగింది అడిగినట్టు తల్లికి చెప్పింది.

తల్లి చేతిలో గరిటె పొయ్యిగట్టు మీద పెట్టింది. ఆవిడ మొహం చూసి మైకమ్మ భయపడింది. మొగుడికి వినపడకపోవడాన్ని ఆవిడ ఓర్చుకుంది. తన గొంతు పోవడాన్ని కూడా ఓర్చుకుంది. తను ఆయన్ని ఎగతాళి చేస్తోందని ఆయన ఇన్నాళ్లూ అనుకుంటూ ఆ కిటికీ ముందు కుట్టుకుంటున్నాడన్నది మాత్రం ఓర్చుకోలేకపోయింది. చేతులు తుడుచుకుంది. ముందుగదిలోకి వెళ్తుందనుకుంటే, ఆయన వెనకనుంచే నడిచి వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. వెళ్లి కిటికీ అవతల, వీధిలో, ఊచల ముందు నిలబడింది.

టైలరు కాలరు లోపలి గుడ్డను చేతికుట్టుతో అతికిస్తున్నాడు. దారం అయిపోయింది. కొత్త దారం కొస నోటితో తడిచేసి, సూదిని వెలుతురుకెత్తి పట్టుకుని, కన్ను చికిలించి చూశాడు. సూది బెజ్జం అవతల భార్య మొహం ఉంది.

ఆవిడ పెదాలు కదిలాయి. మెల్లగా, బారుగా, కిటికీలో పొడుగక్కతో మాట్లాడినట్టే. వీధిలో పోయేవాళ్లు ఇద్దరు తిరిగి చూశారు. ఆవిడ వాళ్లను లెక్కచేయలేదు.

టైలరు సూది అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పి, తన మెడకు ఎడం పక్కన రెండు వేళ్లు ఆనించి పైకి లేపింది. ఆయన చేతిలో కాలరు తిప్పి చూసుకున్నాడు.

"ఎడం పక్కా? పైకి లేచిందా?" ఇంకోసారి చూశాడు. "అవును, లేచింది."

గదిలో మైకమ్మకు తండ్రి వీపూ, తల్లి మొహమూ కనిపిస్తున్నాయి. తల్లి అంటున్నది ఒక్క ముక్క తెలియడం లేదు. ఫోనులో ఒక పక్కే వింటున్నట్టు తండ్రి మాటలు మాత్రం వింటోంది. చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్న మనిషి ఆ గదిలో తనొక్కతే, ఏమీ అర్థం కానిదీ తనే. దానికి ఆమెకు బాధ కలగలేదు. కదిలితే ఏమవుతుందోనని ఉన్నచోటే నిలబడింది.

టైలరు సూది దిండుకు గుచ్చాడు. గుచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, భార్య మొహంలోకి చూశాడు.

"పొద్దున నవ్వింది నా మీదేనా?"

తల్లి అవునన్నట్టు తలూపింది. తల్లి ఎడమచెయ్యి చాపి, కుడిచేత్తో భుజం నుంచి మణికట్టుదాకా టేపు పట్టి కొలిచింది. పెదాలు కదిపింది. మళ్లీ కొలిచింది. తల గోక్కుంది. మళ్లీ కొలిచింది. టైలరు ముందు తెల్లమొహం వేశాడు. తర్వాత ఆయన భుజాలు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి.

"ఆ రోజు సంగతా? అది ఇంకా చెప్పుకుంటున్నారా మీరు?"

మిల్లువాళ్లకు పైచొక్కాలు కుట్టడానికి టేపు మెడలో వేసుకుని షెడ్డులోకి వెళ్లిన కుర్ర టైలరు ఆయన. లోపల ఏమీ వినపడక, ఒక పిల్ల పేరు అడిగి, జవాబు అర్థంకాక, మళ్లీ అడగడానికి సిగ్గుపడి, మళ్లీ మళ్లీ చెయ్యి కొలిచాడు. కొలిచినప్పుడల్లా ఆ పిల్ల పేరు చెబుతూనే ఉంది. ఆఖరికి ఆమె పెదాలు చూసి పట్టుకున్నాడు. ఇదంతా ఆయనే నవ్వుతూ, సగం కూతురికి, సగం కిటికీకి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగాడు.

"అప్పుడు మటుకు నీ మొహం చూసే విన్నాను," అన్నాడు. చేతిలోని కాలరును మిషను మీద పెట్టాడు. "ఇంట్లో వద్దన్నది కూడా నేనే కదూ."

తల్లి ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి, ఆయన నుదుటి మీదికి నెట్టుకున్న కళ్లజోడును కిందికి దించింది. ఏదో చిన్నమాట అంది. దానికి తండ్రి పైకి జవాబు చెప్పలేదు కాబట్టి అదేమిటో మైకమ్మకు ఎప్పటికీ తెలియలేదు.

*

సాయంత్రం ముగ్గురూ కలిసి మిషను జరిపారు. వెనక్కి పూర్తిగా తిప్పేద్దామని మైకమ్మ అంది. తన నీడ గుడ్డ మీదే పడుతుందని ఆయన ఒప్పుకోలేదు. సగం తిప్పి, వెలుతురు ఎడమ చేతి వైపునుంచి వచ్చేలా పక్కకు పెట్టించాడు. ఇనుపకాళ్లు అన్నేళ్లూ నిలబడిన చోట నేల మీద గుంటలు పడి ఉన్నాయి. మిషను కింద ఒక గుప్పెడు గుండీలు, విరిగిన సుద్దముక్కలు, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు అరిగిపోయింది ఒకటీ దొరికాయి. ఆయన కూర్చుని తొక్కి చూశాడు, ఎత్తు సరిచూసుకున్నాడు, తలెత్తాడు. ఎదురుగా గడప ఉంది, గడప దగ్గర భార్య ఉంది. ఆవిడ బొటనవేలు ఎత్తనవసరం లేకుండా పెదాలతో అడిగింది. ఇస్తే తాగనా అన్నాడు ఆయన.

అన్నీ ఒక్కరోజులో చక్కబడ్డాయంటే అబద్ధం. సగం మాటలు ఆయన తప్పుగానే పట్టుకున్నాడు. తప్పు పట్టుకున్నప్పుడు ఆవిడ నెత్తి కొట్టుకుని మళ్లీ చెప్పింది. కుట్టు రెండుచోట్ల వంకరపోయింది కూడా, ఆయన అన్నంతా అయింది. విప్పి మళ్లీ వేశాడు. రాత్రి భోజనాల దగ్గర, మిషను ఆగి ఉన్నప్పుడు, గుండీల డబ్బాలోంచి చెవి మిషను తీసి ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాడు. కొంచెం వినడం, కొంచెం చూడడం, మిగిలింది ఊహించుకోవడం. ఇన్నేళ్ల కాపురంలో ఊహించుకోవడానికి సరంజామా తక్కువేం లేదు.

ప్లీడరు చెప్పిన రోజుకే వచ్చాడు. కోటు తొడుక్కున్నాడు. కాలరు మెడకు అంటుకుని కూర్చుంది. ఆయన మెచ్చుకోలుగా తలూపి, మొన్నటిలాగే మైకమ్మ వైపు తిరిగి, చేతులు కాస్త పొడవయ్యాయేమో అని చెప్పబోయాడు.

"నావైపు తిరిగి చెప్పండి," అన్నాడు టైలరు. "మెల్లగా. అరవక్కర్లేదు."

ప్లీడరు తిరిగాడు. చెయ్యి చాపి చూపిస్తూ మెల్లగా చెప్పాడు. టైలరు ఆయన నోటివంకే చూసి, సుద్దముక్క తీసి మణికట్టు దగ్గర గీత పెట్టాడు. సరైన చోటే పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ప్లీడరు ఇంకో కోటుకు గుడ్డ తెస్తానన్నాడు. ఆ మాట టైలరుకు అందలేదు. గడప దగ్గరనుంచి భార్య అందించింది. మిషను మీద గుడ్డ కప్పే సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మైకమ్మ సెలవు ఇంకా మిగిలే ఉంది. మిగిలినా వెళ్తానంది. ఇక్కడ తన గొంతుకు పనిలేదని చెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. అంత తేలిగ్గా ఆ ఇంటినుంచి బయల్దేరి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తులేదు.

సంచి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చి వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే ఒక లారీ ఇంటి ముందు ఆగి, ఇంజను ఆపకుండా ఇసుక దించడం మొదలుపెట్టింది. ఆ మోతలో ఎవరు అరిచినా వినపడదు. కిటికీలో తల్లి ఏదో చెబుతోంది. పెదాలు బారుగా సాగదీసి, చెయ్యి తిప్పి, మళ్లీ చెప్పింది. అందరికీ వినిపించే గొంతున్న మైకమ్మ వీధి మధ్యలో నిలబడి, ఏమిటమ్మా అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. తల్లి నెత్తి కొట్టుకుంది.

తండ్రి మిషను దగ్గరనుంచి భార్య మొహంలోకి ఒక చూపు చూశాడు. లేచి కిటికీ దగ్గరకు వచ్చి, ఊచలు పట్టుకుని, లారీ మోతను మించిన కేక పెట్టాడు.

"చేరగానే ఫోన్ చెయ్యమంటోంది మీ అమ్మ."

మైకమ్మ అలాగేనని చెయ్యి ఊపింది. రెండడుగులు వేశాక, ఫోను మోగితే ఆ ఇంట్లో ఎవరు తీసి ఎవరు మాట్లాడతారో తట్టి నవ్వు ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే కిటికీలో వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అప్పటికే ఆ విషయమే మాట్లాడుకుంటున్నారు.